ఊదితే నిమిషంలో క్షయ తెలుస్తుందంటున్నారు: రాతిపని కార్మికుల శిబిరంలో ఈ పరీక్ష పెట్టించవచ్చా?

ప్రశ్న: రాతిపని_సంఘం

అందరికీ నమస్కారం. కరీంనగర్ చుట్టుపక్కల గ్రానైట్ క్వారీల్లోను, రాయి కోసి పాలిష్ పెట్టే యూనిట్లలోను పనిచేసే కార్మికుల సంఘానికి నేను కార్యదర్శిని. మా సభ్యులు సుమారు 400 మంది. వారిలో చాలామంది ఒడిశా, బీహార్, రాజస్థాన్‌ల నుంచి వచ్చినవారు. షెడ్ల పక్కనే రేకుల గదుల్లో ఐదారుగురు కలిసి ఉంటారు. ఏళ్ల తరబడి రాతి దుమ్ములో పనిచేయడం వల్ల దగ్గు మావాళ్లకు అలవాటైపోయింది. ఎవరి దగ్గు దుమ్ము వల్ల వచ్చిందో, ఎవరిది క్షయ వల్ల వచ్చిందో గుర్తించేసరికి ఆలస్యమవుతోంది. ఈ మధ్య ఇద్దరు సభ్యులకు క్షయ అని తేలింది. అప్పటి నుంచి వారి గదుల్లో ఉన్నవారంతా భయంతో ఉన్నారు.

ఇలా ఉండగా ఒక సంస్థ ప్రతినిధి మా కార్యాలయానికి వచ్చి ఊపిరి పరీక్ష యంత్రం గురించి చెప్పారు. మనిషి ఒక గొట్టంలోకి ఊదితే చాలునట, నిమిషం లోపే క్షయ ఉన్నదీ లేనిదీ తెర మీద కనిపిస్తుందట. రక్తం తీయనక్కరలేదు, తెమడ ఇవ్వనక్కరలేదు, ఎక్స్‌రే అవసరం లేదు, 400 మందినీ ఒక్క రోజులో పూర్తి చేయవచ్చు అన్నారు. కచ్చితత్వం 90 శాతం అని కరపత్రంలో అచ్చువేశారు. కోవిడ్ సమయంలో అమెరికా, సింగపూర్ ప్రభుత్వాలే ఇలాంటి యంత్రాలకు అనుమతి ఇచ్చాయని కూడా చెప్పారు. ఖర్చులో కొంత సంఘం నిధి నుంచి, కొంత యజమానుల నుంచి పెట్టుకోవాలన్నది ప్రతిపాదన.

కార్యవర్గం నిర్ణయం తీసుకునే ముందు తెలిసినవారిని అడగడం మంచిదని ఇక్కడ రాస్తున్నాను. ఊపిరిని బట్టి అంటువ్యాధిని గుర్తించడం వెనుక నిజంగా శాస్త్రం ఉందా? ఉంటే, ఆ 90 శాతం మా 400 మంది విషయంలో ఏమవుతుంది? ఎవరికైనా ఉందని యంత్రం చూపిస్తే ఆ తరువాత మేము చేయవలసింది ఏమిటి? దయచేసి వివరంగా చెప్పగలరు.

జవాబు: ఛాతీ_వైద్యుడు

కార్యదర్శి గారికి నమస్కారం. మీ మొదటి ప్రశ్నకు జవాబు, శాస్త్రం ఉంది. ఆ సంగతి రసాయన విశ్లేషణ తెలిసినవారు నాకంటే బాగా చెప్పగలరు కాబట్టి నేను 90 శాతం గురించి రాస్తాను, ఎందుకంటే కార్యవర్గం నిర్ణయం దాని మీదే ఆధారపడుతుంది.

ఏ పరీక్షకైనా రెండు కొలతలు విడివిడిగా ఉంటాయి. వ్యాధి ఉన్న వంద మందిలో ఎంతమందిని పట్టుకుంటుంది అనేది ఒకటి. దానిని సున్నితత్వం అంటాం. వ్యాధి లేని వంద మందిలో ఎంతమందిని సరిగా 'లేదు' అని వదిలిపెడుతుంది అనేది రెండవది, అది నిర్దిష్టత. కరపత్రంలో 'కచ్చితత్వం 90 శాతం' అని ఒకే అంకె ఉంటే అది ఈ రెండింటిలో ఏది అన్నది మీరు మొదట అడగవలసిన మాట. రెండూ 90 శాతమే అని ప్రస్తుతానికి ఒప్పుకుందాం. లెక్క కోసం మీ 400 మందిలో నలుగురికి క్షయ ఉందనుకుందాం. ఆ నలుగురిలో ముగ్గురినో నలుగురినో యంత్రం పట్టుకుంటుంది. వ్యాధి లేని 396 మందిలో పదో వంతు మందిని, అంటే దాదాపు 40 మందిని కూడా 'ఉంది' అని చూపిస్తుంది. మొత్తం 43 లేదా 44 మందికి తెర మీద ఒకే ఫలితం వస్తుంది, వారిలో నిజంగా రోగులు ఎవరో ఆ యంత్రం చెప్పలేదు. అంటే ఎక్స్‌రే, తెమడ పరీక్ష అవసరం లేదన్న మాట నిలబడదు. ఆ 44 మందికీ అవి చేయవలసిందే.

ఇందులో యంత్రం తప్పు ఏమీ లేదు. వ్యాధి తక్కువమందిలో ఉన్న గుంపును జల్లెడ పట్టే ఏ పరీక్షకైనా ఇదే లెక్క. క్షయ విషయంలో ముందు వరుసలో వాడే వడపోత పరీక్షకు ఉండవలసిన కనీస లక్షణాలను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లోనే నిర్ణయించింది: సున్నితత్వం కనీసం 90 శాతం, నిర్దిష్టత కనీసం 70 శాతం. ఆ కనీస స్థాయి పరీక్షనే మీ దగ్గర పెడితే వ్యాధి లేనివారిలో దాదాపు 119 మంది అనుమానితుల జాబితాలోకి వస్తారు. ఆ తరువాత నమ్మకమైన నిర్ధారణ పరీక్ష చేతిలో ఉన్నప్పుడే అటువంటి వడపోత ఉపయోగపడుతుంది.

ఇక నాకు బాగా పట్టింపు ఉన్న విషయం. మీ సభ్యులు మామూలు జనాభా కారు. రాతి దుమ్ములోని సిలికా ఊపిరితిత్తుల్లో చేరినప్పుడు క్షయ క్రిములను మింగి చంపవలసిన రక్షక కణాలే దెబ్బతింటాయి. అందువల్ల సిలికోసిస్ (సిలికా దుమ్ము వల్ల వచ్చే ఊపిరితిత్తుల వ్యాధి) ఉన్నవారికి క్షయ వచ్చే ముప్పు ఇతరులకంటే కొన్ని రెట్లు ఎక్కువ. సిలికోసిస్ ఇంకా రాకపోయినా, దుమ్ములో పనిచేసినవారికి ముప్పు ఉంటుంది. పని మానేసిన తరువాత కూడా అది పోదు. అందుకే సిలికా ధూళికి గురయ్యే పనిచోట్ల ప్రస్తుత కార్మికులతో పాటు పూర్వ కార్మికులను కూడా క్రమం తప్పకుండా క్షయ కోసం పరీక్షించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ బలమైన సిఫార్సు చేసింది. శిబిరం పెట్టాలన్న మీ ఆలోచన పూర్తిగా సరైనది. పని మానేసి ఇంట్లో ఉన్న పాతవారిని కూడా పిలవండి.

అయితే పరీక్ష మాత్రం ఛాతీ ఎక్స్‌రే కావాలి. కారణం ఒక్క క్షయే కాదు. ఎక్స్‌రే తీస్తే సిలికోసిస్ కూడా బయటపడుతుంది. సిలికోసిస్ అనేది చట్టప్రకారం అధికారులకు తెలియజేయవలసిన వృత్తి వ్యాధి. నష్టపరిహారం కోసం చట్టంలో ఇచ్చిన వృత్తి వ్యాధుల జాబితాలోనూ ఉంది. ఆ పరిహారానికి ఆధారం ఉద్యోగ చరిత్ర, ఎక్స్‌రే. ఊదే యంత్రం క్షయ లేదని చెప్పి పంపించిన మనిషి ఛాతీలో సిలికోసిస్ ముదిరి ఉండవచ్చు, ఆ సంగతి అతనికి తెలియకుండానే ఇంకో అయిదేళ్లు అదే దుమ్ములో పనిచేయవచ్చు. యజమానులు కొంత ఖర్చు పెట్టే శిబిరంలో ఎక్స్‌రే లేకుండా పోవడం కార్మికుల ప్రయోజనానికి విరుద్ధమని నా అభిప్రాయం. ఈ మాట కార్యవర్గంలో స్పష్టంగా చెప్పండి.

జవాబు: ఓరుగల్లు_పాఠకురాలు

వైద్యులు గారు చెప్పినది అర్థమైంది. నాకు ఒక సందేహం ఉంది. మా అమ్మగారికి కడుపులో పుండు ఉన్నప్పుడు హైదరాబాద్‌లో ఊపిరి పరీక్షే చేశారు. పరగడుపున ఒకసారి సంచిలోకి ఊదించి, ఏదో మందు తాగించి, కొంతసేపు ఆగి మళ్లీ ఊదించారు. హెలికోబాక్టర్ పైలోరి అనే బాక్టీరియా ఉందని ఆ పరీక్షతోనే తేల్చి చికిత్స ఇచ్చారు, తగ్గింది కూడా. అదీ అంటువ్యాధి క్రిమే కదా. కడుపు విషయంలో ఊపిరిని నమ్మినప్పుడు, ఊపిరి వచ్చే ఊపిరితిత్తుల విషయంలో ఎందుకు నమ్మకూడదు?

జవాబు: వాయు_విశ్లేషణ

నేను ఔషధ పరిశ్రమలో గ్యాస్ క్రోమటోగ్రఫీ, మాస్ స్పెక్ట్రోమెట్రీ పరికరాల మీద పనిచేస్తాను. వాయువుల్లో అతి తక్కువ మోతాదులో ఉండే పదార్థాలను కొలవడం నా వృత్తి కాబట్టి పాఠకురాలి గారి ప్రశ్నకు జవాబు రాస్తున్నాను. ఈ చర్చకు అదే కీలకమైన ప్రశ్న.

మీ అమ్మగారికి తాగించినది యూరియా. అందులోని కార్బన్ మామూలు కార్బన్ కాదు, బరువు కాస్త ఎక్కువగా ఉండే కార్బన్ 13 రకం. కొన్నిచోట్ల స్వల్ప రేడియోధార్మికత ఉన్న కార్బన్ 14 వాడతారు. మనిషి కణాలు యూరియాను విడగొట్టలేవు. హెలికోబాక్టర్ తన దగ్గరున్న యూరియేజ్ అనే ఎంజైముతో దానిని అమ్మోనియాగా, కార్బన్ డయాక్సైడ్‌గా విడగొడుతుంది. గుర్తు పెట్టిన ఆ కార్బన్ రక్తంలో కలిసి ఊపిరితిత్తుల గుండా బయటికి వస్తుంది. ముందు ఊదిన సంచికీ, తరువాత ఊదిన సంచికీ తేడా ఉంటే కడుపులో క్రిమి ఉన్నట్టే. అంటే ఇక్కడ ప్రశ్న వేసినది మనమే, జవాబు చెప్పగలిగినది దాదాపుగా ఆ ఒక్క క్రిమే. పైగా ఆ మనిషి ఊపిరిని ఆ మనిషి ఊపిరితోనే పోల్చి చూస్తున్నాం. అందుకే అది అంత నమ్మకమైన పరీక్ష. అయినా ఎసిడిటీ మాత్రలు రెండు వారాల ముందు, యాంటీబయాటిక్స్ నాలుగు వారాల ముందు మానేయకపోతే అది కూడా తప్పు చెప్పవచ్చు.

కార్యదర్శి గారికి చూపించిన రకం యంత్రాల దారి వేరు. అవి మనిషికి ఏమీ ఇవ్వవు. మామూలుగా వదిలే గాలిలో ఉన్న వాసన పదార్థాలను, అంటే సులభంగా ఆవిరయ్యే కర్బన సమ్మేళనాలను చూస్తాయి. 1971లో అమెరికా రసాయన శాస్త్రవేత్త లైనస్ పాలింగ్ బృందం మనిషి ఊపిరిలో రెండు వందలకు పైగా ఇలాంటి పదార్థాలు ఉన్నాయని చూపించింది. ఇప్పుడు తెలిసినవి అంతకంటే ఎన్నో రెట్లు ఎక్కువ. చాలావాటి మోతాదు వంద కోట్ల వంతుల్లో కొన్ని వంతులు మాత్రమే. ఒంట్లో వ్యాధి ఉన్నప్పుడు వీటి పాళ్లు మారతాయి, అది నిజం. కానీ అవే పాళ్లు ఇంకా చాలా కారణాలతో మారతాయి. మధుమేహం అదుపులో లేనివారిలో, ఉపవాసం ఉన్నవారిలో అసిటోన్ పెరుగుతుంది. బీడీ, సిగరెట్ తాగేవారి ఊపిరిలో బెంజీన్, అసిటోనైట్రైల్ వంటివి కనిపిస్తాయి. చుట్టూ ఉన్న గాలిలో డీజిల్ పొగ ఉన్నా, రాయికి పూసే రెజిన్ ఆవిరి ఉన్నా, పాలిష్ రసాయనాలు ఉన్నా అవి కూడా ఊపిరిలోకి చేరి బయటికి వస్తాయి. నలుగురు మాట్లాడుతున్న గదిలో ఒకరి గొంతు గుర్తుపట్టడం తేలిక, జాతరలో అదే గొంతు గుర్తుపట్టాలంటే చెవికి చాలా తర్ఫీదు కావాలి. ఈ యంత్రాల పరిస్థితి రెండవది.

ఆ తర్ఫీదు ఎవరి మీద ఇచ్చారన్నదే ఇక్కడ పెద్ద ప్రశ్న. సాధారణంగా ఆసుపత్రిలో చేరిన క్షయ రోగులు కొందరి ఊపిరి, ఆరోగ్యవంతులు కొందరి ఊపిరి తీసుకుని, రెండింటికీ తేడా ఏమిటో కంప్యూటరుతో వెతికిస్తారు. పదార్థాలు వందల్లో ఉండి మనుషులు పదుల్లోనే ఉన్నప్పుడు ఏదో ఒక తేడా తప్పకుండా దొరుకుతుంది. అది క్షయ వల్ల వచ్చిన తేడానా, ఆసుపత్రి గాలి వల్లనా, రోగులు అప్పటికే వాడుతున్న మందుల వల్లనా అన్నది వేరే ఊరిలో, వేరే మనుషుల మీద మళ్లీ పరీక్షిస్తే తప్ప తెలియదు. పదేళ్లుగా గ్రానైట్ దుమ్ము పీల్చి, రోజూ బీడీ తాగి, రెజిన్ వాసనలో పనిచేసే మనిషి ఊపిరి ఆ యంత్రం ఎన్నడైనా చూసిందా? ఈ ప్రశ్న ప్రతినిధిని తప్పకుండా అడగండి. దుమ్ము వల్ల ఊపిరితిత్తుల్లో ఉండే వాపు కూడా ఊపిరిలోని పదార్థాలను మారుస్తుంది కాబట్టి, మీ సభ్యుల్లో తప్పుడు 'ఉంది' ఫలితాలు కరపత్రంలో చెప్పినదానికంటే ఎక్కువగా రావడానికి అవకాశం ఉంది.

అంతమాత్రాన ఈ రంగాన్ని తీసిపారేయడం న్యాయం కాదు. క్షయ క్రిమిని పెంచిన పాత్రల నుంచి మిథైల్ నికోటినేట్ వంటి నాలుగు ప్రత్యేకమైన వాసన పదార్థాలు వస్తాయని న్యూజిలాండ్ పరిశోధకులు 2008లో ప్రచురించారు. మలావీలో 35 మంది పిల్లల ఊపిరిని పరిశీలించి, ఆరు పదార్థాల సాయంతో మలేరియా ఉన్నవారిని 83 శాతం సరిగా గుర్తించినట్టు అమెరికాలోని సెయింట్ లూయిస్‌కు చెందిన బృందం 2018లో తెలియజేసింది. మలేరియా ఉన్న పిల్లల ఊపిరిలో దోమలను ఆకర్షించే పైనీన్ వంటి పదార్థాలు ఎక్కువగా ఉండడం అందులో ఆశ్చర్యం కలిగించే సంగతి. యూరియా పద్ధతిని క్షయకు కూడా వాడవచ్చునా అని కుందేళ్ల మీద ప్రయత్నించినవారు ఉన్నారు, ఎందుకంటే క్షయ క్రిమికి కూడా యూరియేజ్ ఉంది. నాకు వ్యక్తిగతంగా ఎక్కువ ఆశ కలిగిస్తున్న దారి అదే: గాలిలో తేడా వెతకడం కంటే క్రిమిని ప్రశ్నించి జవాబు రాబట్టడం.

ఇంకొక దారి కూడా ఉంది. వాసనను వదిలేసి, ఊపిరితో పాటు బయటికి వచ్చే అతి సూక్ష్మమైన తుంపరల్లో క్రిమినే పట్టుకోవడం. దక్షిణాఫ్రికాలోని ప్రిటోరియాలో 24 మంది క్షయ రోగులకు లోపల ప్రత్యేకమైన పొర ఉన్న మాస్కులు తొడిగి పరీక్షిస్తే, ఆ మాస్కు నమూనాల్లో 86 శాతం వాటిలో క్షయ క్రిమి ఆనవాళ్లు దొరికాయని బ్రిటన్‌లోని లెస్టర్ విశ్వవిద్యాలయం వారితో కలిసి చేసిన అధ్యయనం 2020లో వచ్చింది. దగ్గకుండా మామూలుగా ఊపిరి తీసి వదిలినా క్రిములు బయటికి వస్తాయని కేప్‌టౌన్ పరిశోధకులు కూడా చూపించారు. తెమడ ఇవ్వలేనివారికి, పిల్లలకు ఈ పద్ధతి ముందుముందు మేలు చేయవచ్చు. అయితే మాస్కు నుంచి క్రిమి జన్యు పదార్థాన్ని వెలికితీసి ప్రయోగశాలలో చూడాలి కాబట్టి అది నిమిషంలో అయ్యే పని కాదు.

కోవిడ్ సంగతి. అమెరికాలో ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2022 ఏప్రిల్ 14న ఇన్‌స్పెక్ట్ ఐఆర్ అనే సంస్థ యంత్రానికి అత్యవసర అనుమతి ఇచ్చిన మాట నిజం. మూడు నిమిషాల లోపు ఫలితం. 2,409 మంది మీద జరిపిన అధ్యయనంలో సున్నితత్వం 91.2 శాతం, నిర్దిష్టత 99.3 శాతం. అయితే 'ఉంది' అని వస్తే దానిని తాత్కాలిక ఫలితంగానే తీసుకుని, ప్రయోగశాల పరీక్షతో నిర్ధారించాలన్నది ఆ అనుమతిలోనే ఉన్న షరతు. యంత్రం పరిమాణం విమానంలో చేతితో తీసుకెళ్లే పెట్టెంత. రోజుకు దాదాపు 160 నమూనాలు మాత్రమే. ఒక్క రోజులో 400 మంది అన్న మాటను దీనితో పోల్చి చూడండి. సింగపూర్‌లో 2021 మే నెలలో బ్రీథోనిక్స్ అనే సంస్థ ఊపిరి పరికరానికి తాత్కాలిక అనుమతి ఇచ్చి, మలేసియా నుంచి వచ్చేవారి కోసం టువాస్ సరిహద్దు దగ్గర ప్రయోగించినప్పుడు, ఊపిరి పరీక్షతో పాటు అప్పటికే తప్పనిసరిగా ఉన్న యాంటిజెన్ పరీక్షను కూడా కొనసాగించారు. నెదర్లాండ్స్‌లో స్పైరోనోస్ అనే పరికరాన్ని పరీక్షా కేంద్రాల్లో పెట్టిన కొద్దికాలానికే, వ్యాధి ఉన్న కొందరికి 'లేదు' అని ఫలితం రావడంతో 2021 ఫిబ్రవరిలో ఆమ్‌స్టర్‌డామ్‌లో దాని వాడకాన్ని నిలిపివేయవలసి వచ్చింది. ఢిల్లీలోని రామ్ మనోహర్ లోహియా ఆసుపత్రిలో 2020లో ఇజ్రాయెల్ నిపుణులు, మన శాస్త్రవేత్తలు కలిసి పరీక్షించిన నాలుగు వేగవంతమైన పద్ధతుల్లోనూ ఊపిరి పరీక్ష ఒకటి. వీటిలో ఏదీ క్షయ కోసం ఇచ్చిన అనుమతి కాదు. కోవిడ్ అనుమతిని చూపించి క్షయ యంత్రాన్ని అమ్మడం సరైన పద్ధతి కాదని గట్టిగా చెప్పదలచుకున్నాను.

జవాబు: క్షేత్ర_కార్యకర్త

నేను క్షయ నిర్మూలన కార్యక్రమంలో క్షేత్రస్థాయిలో పనిచేస్తున్నాను. పైన ఇద్దరూ శాస్త్రం చెప్పారు, నేను శిబిరం రోజున జరిగేది చెబుతాను.

ముందుగా, తెమడ అడగడం ఎంత కష్టమో మాకు తెలుసు. చాలామంది ఉమ్మి ఇచ్చి వెళ్లిపోతారు. అసలు దగ్గే లేనివారు కూడా క్షయతో ఉంటారు. 2019 నుంచి 2021 వరకు దేశవ్యాప్తంగా జరిగిన క్షయ సర్వేలో, ఛాతీ ఎక్స్‌రే తీయకపోయి ఉంటే 42.6 శాతం మంది రోగులు లెక్కలోకి రాకుండానే పోయేవారని తేలింది. లక్షణాలు ఉన్నవారిలో కూడా ఎక్కువమంది వైద్యం కోసం ఎక్కడికీ వెళ్లలేదని అదే సర్వే చెప్పింది. కాబట్టి సులభంగా ఊదించి తేల్చే పరీక్ష రావాలని కోరుకునేవారిలో నేను మొదటి వరుసలో ఉంటాను. కానీ అది రానిదే వచ్చినట్టు చెప్పి, మొదటి ప్రయోగం మీ కార్మికుల మీద చేయడం నాకు సమ్మతం కాదు.

శిబిరంలో 44 మందికో 119 మందికో 'ఉంది' అని అందరి ముందు ఫలితం వస్తే ఏమవుతుందో ఆలోచించండి. గుత్తేదారు ఆ సాయంత్రమే లెక్క తేల్చి ఇంటికి పంపించివేస్తే, వలస కార్మికుడు నిర్ధారణ పరీక్ష కూడా చేయించుకోకుండా రైలు ఎక్కుతాడు. వ్యాధి లేనివాడైతే కూలి పోగొట్టుకుంటాడు, ఉన్నవాడైతే చికిత్స లేకుండా ఊరికి చేరి తన ఇంటివాళ్లకు అంటిస్తాడు. గదిలో తోటివారు దూరం పెట్టడం సరేసరి. శిబిరం ఏ పద్ధతిలో పెట్టినా ఫలితాలు కార్మికుడికి ఒక్కడికే విడిగా చెప్పాలి, యజమానికి జాబితా ఇవ్వకూడదు, చికిత్స కాలంలో పనిలోంచి తీయబోమని యజమానుల నుంచి రాతపూర్వకంగా హామీ తీసుకోవాలి. ఈ మూడూ యంత్రం కంటే ముందు జరగవలసినవి.

ఇంకొక ప్రమాదం ఎవరూ ప్రస్తావించలేదు. క్షయ ఉన్న మనిషి గట్టిగా ఊదినప్పుడు క్రిములతో కూడిన తుంపరలు గాలిలోకి వస్తాయి. మూసిన గదిలో ఒకరి తరువాత ఒకరు ఊదితే, వరుసలో ఉన్నవారికి, యంత్రం దగ్గర కూర్చున్న ఆపరేటరుకు ముప్పు. ప్రతి మనిషికి కొత్త గొట్టం, వడపోత, ఆరుబయట గాని బాగా గాలి ఆడే చోట గాని ఏర్పాటు ఉండాలి. పోలీసులు రోడ్డు మీద బ్రీత్ అనలైజర్‌తో ఊదించినట్టు షెడ్డులో వరుసగా ఊదించడం మాత్రం ఒప్పుకోకండి.

నా సలహా ఇది. జిల్లా క్షయ నియంత్రణ అధికారికి సంఘం తరఫున లేఖ రాయండి. రాతిపని కార్మికులు ముప్పు ఎక్కువగా ఉన్న వర్గం కాబట్టి కార్యక్రమం తరఫున శిబిరం అడగడానికి మీకు పూర్తి అర్హత ఉంది. చేత పట్టుకుని తీసుకువచ్చే చిన్న ఎక్స్‌రే యంత్రాలు ఇప్పుడు కార్యక్రమంలో ఉన్నాయి. ఎక్స్‌రేలో అనుమానం ఉన్నవారి తెమడను ట్రూనాట్ వంటి జన్యు పరీక్షకు పంపిస్తారు. క్రిమి ఉన్నదీ లేనిదీ, క్షయకు వాడే ముఖ్యమైన మందు రిఫాంపిసిన్‌కు లొంగుతుందా లేదా అన్నదీ అందులో తెలుస్తుంది. దీనికి, చికిత్సకు కార్మికుడి నుంచి డబ్బు తీసుకోరు. మందులకు లొంగే క్షయకు చికిత్స సాధారణంగా ఆరు నెలలు. 2024 నవంబరు నుంచి చికిత్స కాలంలో పోషకాహారం కోసం నెలకు 1,000 రూపాయలు బ్యాంకు ఖాతాలో వేస్తున్నారు. ఒడిశాకో బీహార్‌కో మధ్యలో వెళ్లవలసి వస్తే క్షయ రోగుల వివరాలు నమోదు చేసే ప్రభుత్వ నిక్షయ్ పోర్టల్‌లో అతని వివరాలు అక్కడి కేంద్రానికి బదిలీ చేయిస్తే మందులు ఆగవు. వెళ్లే ముందు మాకు చెప్పమని సభ్యులకు మరీ మరీ చెప్పండి.

రాతిపని_సంఘం (ప్రశ్న అడిగినవారు)

అందరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. మీ జవాబులను అచ్చు తీసి కార్యవర్గం ముందు చదివాను. ఊపిరి యంత్రం ప్రతిపాదనను పక్కన పెట్టి, జిల్లా క్షయ అధికారికి లేఖ ఇవ్వాలని ఏకగ్రీవంగా నిర్ణయించాం. పాత కార్మికులను కూడా పిలవాలన్న సూచన అందరికీ నచ్చింది. వారిలో కొందరు మంచం పట్టి ఉన్నారు.

రెండు విషయాలు మిగిలాయి. ఆ సంస్థ ప్రతినిధి ఇప్పుడు ఖర్చు లేకుండానే యంత్రం తెస్తామని, ప్రభుత్వ శిబిరంతో పాటు ఒక మూల పెట్టుకోనివ్వమని అడుగుతున్నారు. అందుకు ఒప్పుకోవచ్చా? ఇక, క్షయ తేలిన ఇద్దరి గదుల్లో ఉన్న తొమ్మిది మంది శిబిరం వరకు ఆగాలా?

జవాబు: ఛాతీ_వైద్యుడు

రెండవదానికి ముందు జవాబు చెబుతాను. ఆ తొమ్మిది మంది ఆగకూడదు. ఒకే గదిలో ఉన్నవారిని కుటుంబ సభ్యులతో సమానంగా చూస్తాం. రేపే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పంపించి ఎక్స్‌రే, అవసరమైతే తెమడ పరీక్ష చేయించండి. వ్యాధి లేదని తేలినవారికి అది ముందుముందు రాకుండా నివారణ చికిత్స ఉంది. వారానికి ఒకసారి చొప్పున 12 వారాలు తీసుకునే పద్ధతి అందులో ఒకటి. సిలికోసిస్ ఉన్నవారికి కూడా, పరీక్షించి క్షయ లేదని తేల్చుకున్న తరువాత, నివారణ చికిత్స ఇవ్వాలని జాతీయ మార్గదర్శకాల్లో ఉంది. శిబిరంలో సిలికోసిస్ తేలినవారి విషయంలో ఈ మాట అక్కడి వైద్యులకు గుర్తు చేయండి.

ఉచితంగా తెస్తామన్న యంత్రం గురించి. ప్రభుత్వ శిబిరంలో ఎక్స్‌రే, జన్యు పరీక్ష ఎలాగూ జరుగుతాయి కాబట్టి, వాటితో పోల్చి చూసుకునే అవకాశం ఆ సంస్థకు నిజంగా విలువైనది. అటువంటి అధ్యయనాలు జరగాలి కూడా. దుమ్ములో పనిచేసే మనుషుల ఊపిరి మీద యంత్రాలకు తర్ఫీదు లేకపోతే అవి ఎప్పటికీ వారికి పనికిరావు. కానీ అప్పుడు దాని పేరు పరిశోధన. పరిశోధనకు నైతిక కమిటీ అనుమతి ఉండాలి, ప్రతి కార్మికుడికీ ఒడియాలోనో హిందీలోనో అతనికి అర్థమయ్యే భాషలో వివరించి సమ్మతి తీసుకోవాలి, ఊదనన్నవారికి శిబిరంలో ఏ లోటూ జరగకూడదు, ఊపిరి ఫలితం ఆధారంగా ఎవరికీ వ్యాధి ఉందని గాని లేదని గాని చెప్పకూడదు. యంత్రానికి కేంద్ర ఔషధ ప్రమాణాల నియంత్రణ సంస్థ లైసెన్సు ఉందని వారు చెబితే, ఆ పత్రంలో ఏ ఉపయోగానికి అని రాసి ఉందో ఆ వాక్యం చూడండి. క్షయ అన్న మాట అందులో ఉండాలి. ఈ కాగితాలు లేకుండా మూల కూడా ఇవ్వకండి.

జవాబు: వాయు_విశ్లేషణ

వైద్యులు గారి మాటకు ఒక చిన్న చేర్పు. కమిటీ అనుమతితో వారు వస్తే, ఊదించే చోటి గాలి నమూనాను కూడా ప్రతి గంటకూ విడిగా తీయమని అడగండి, ప్రతి కార్మికుడి బీడీ అలవాటు, మధుమేహం, వాడుతున్న మందులు, ఎన్నేళ్లుగా ఏ పనిలో ఉన్నాడు అన్న వివరాలు నమోదు చేయమనండి. ఇవి లేకుండా తీసిన ఊపిరి నమూనాలతో పనికివచ్చే ఫలితం రాదు. వారు అలా చేయడానికి సిద్ధపడితే, ఆ ప్రణాళిక పత్రాన్ని ఇక్కడ పెట్టండి. చదివి లోపాలు చెప్పడానికి నేను సిద్ధంగా ఉన్నాను.